జర్మనుల వంటయింటి ఆమ్లము

ఉత్తర జర్మనీ మైదానములో చాలభాగము హిమయుగమునాటి మంచుపలకలు కరగి వెనుకకు తగ్గునపుడు విడిచిపోయిన ఇసుకనేల. ల్యూనెబుర్గ్ బీళ్లనుండి బ్రాండెన్‌బుర్గ్ మీదుగా తూర్పునకు సాగిన ఆ ప్రదేశమున భూసారము తక్కువ, నీరు నిలువదు, చలికాలము దీర్ఘము; గోధుమ అచ్చట ఎంతో పోషణ చేసినగాని ఫలింపదు. గోధుమకు దాయాదియైన రై అను ధాన్యము మాత్రము శరదృతువున విత్తబడి, మంచుక్రింద లేతపైరుగా శీతకాలమంతయు ఓర్చుకొని, వసంతము తలచూపగనే వేగముగా ఎదిగి, నిలువెత్తు వెన్నులతో వేసవినాటికి కోతకు వచ్చును. ఆ నేలమీద బ్రదికిన రైతుకుటుంబములకు వందలయేండ్లు రొట్టె యనిన రై రొట్టెయే. చలికాలపు కూర యనిన క్యాబేజీయే. పండుగనాటి మాంసమనిన, పనిచేసి ముదిసిన పశువుయొక్క గట్టి కండయే. ఈ మూడును సహజస్థితిలో వంటకు లొంగని వస్తువులు. రై పిండి గోధుమపిండివలె పొంగదు, తరిగిన క్యాబేజీ వారము నిలువదు, ముదిపశువు మాంసము పండ్లకు సాగదు.

వీనిని ఆహారయోగ్యములుగా మాత్రమే గాక, మంచు కురియు సాయంకాలములందు ఇంటిల్లిపాదికిని ప్రీతిపాత్రములగు భోజ్యములుగా మార్చిన సాధనము ఆమ్లము. పిండిని పులియబెట్టుట, ఆకును పులియబెట్టుట, మాంసమును వెనిగరులో ఊరవేయుట అనునవి వంటపుస్తకములలో వేర్వేరు ప్రకరణములుగా కనబడును గాని, రసాయనశాస్త్రదృష్టితో పరిశీలించువారికి ఒకే ఉపాయముయొక్క మూడు ప్రయోగములుగా తోచును. జర్మను రొట్టెలను, వంటకములను తమ యిండ్లలో చేసికొనగోరు తెలుగువారికి నేను ముఖ్యముగా విన్నవింపదలచినదియు నిదియే: ఆ వంటలలో పులుపు చివర చేర్చు రుచి కాదు, పదార్థముయొక్క కట్టడమునే అది నిలుపుచున్నది, కావున కాలము కలిసివచ్చునను ఆశతో పులియు గడియలను కుదించినవారికి తక్కువ పుల్లని రొట్టె లభింపదు, అసలు రొట్టెయే లభింపదు.

గోధుమపిండిని నీటితో కలిపి మర్దించినపుడు అందలి మాంసకృత్తులు ఒండొంటితో పెనవేసికొని గ్లుటెన్ అను సాగెడు జాలముగా ఏర్పడును. ఈస్టు విడుచు బొగ్గుపులుసు వాయువును ఆ జాలము బంధించుటచే రొట్టె పొంగును. రై ధాన్యమందును మాంసకృత్తులు లేకపోలేదు గాని, వానికి అట్టి జాలమును అల్లు శక్తి లేదు. పైగా పెంటొసానులను జిగురుపదార్థములు రైయందు గోధుమయందుకంటె మిక్కిలి అధికముగా ఉండి, తమ బరువునకు అనేక రెట్ల నీటిని త్రాగి, పిండిని చేతికంటుకొను బంకముద్దగా చేయును. రొట్టెను నిలువబెట్టు భారమంతయు ఈ జిగురుమీదను, ఓవెనులో నీటిని పీల్చి ఉబ్బి గంజిగా మారు పిండిపదార్థముమీదను పడును. చిక్కు ఇచ్చటనే ఉన్నది. పిండిపదార్థమును చక్కెరలుగా ఛేదించు అమైలేజ్ అను ఎంజైము రై గింజలో సమృద్ధిగా ఉండును. కోతవేళ వానలు కురిసి గింజ వెన్నుమీదనే మొలకెత్తనారంభించిన సంవత్సరములలో మరింత హెచ్చును. రై పిండిపదార్థము సుమారు 55 మొదలు 70 డిగ్రీల సెంటిగ్రేడు లోపల గంజిగా మారును. అమైలేజ్ మాత్రము 75 డిగ్రీలు దాటువరకును పనిచేయుచునే యుండును. అనగా రొట్టెకు ఆధారము కావలసిన పదార్థము మెత్తబడి ఎంజైమునకు అందుబాటైన ఆ కొద్ది నిమిషములలోనే దానిని ఛేదించు శక్తియు మిక్కిలి తీవ్రముగా ఉండునన్నమాట. అట్టి రొట్టె పైకి చక్కగా కాలినట్లే కనబడి, కోసి చూడగా పైపెంకు ఒకవైపునకు విడివడి, లోపల తడిబంకగా తేలును.

ఆమ్లము ఈ ఎంజైమును అణచివేయును. పిండియొక్క ఆమ్లతను కొలుచు పి.హెచ్. విలువ నాలుగు, నాలుగున్నర ప్రాంతమునకు దిగునప్పటికి అమైలేజ్ శక్తి చాలవరకు ఉడిగిపోవును. అదే ఆమ్లము పెంటొసానుల ఉబ్బుదలకు తోడ్పడి, ముద్దకు వాయువును పట్టియుంచు సత్తువను కొంత సమకూర్చును. ఆ కారణముచేతనే జర్మను రొట్టెకారులు తాము వాడు రై పిండిలో మూడవవంతు మొదలు సగమువరకు ముందుగానే నీటితో కలిపి పులియబెట్టి, ఆ పులిపిండిని మిగిలిన పిండికి చేర్చుదురు. ఎంజైమను మాట పుట్టుటకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే, ఆ మాట తెలియని పల్లెటూరి స్త్రీలు కారణమెరుగకయే కార్యమును ఇంత నిష్కర్షగా సాధించిరనిన, వారి పరిశీలనాశక్తికి నమస్కరింపక తప్పదు.

ఈ పులిపిండిలోని జీవవ్యాపారము ఎంత సున్నితమైన పొత్తుమీద నడచుచున్నదో గమనింపదగినది. రై పిండియు నీరును సమభాగములుగా కలిపి వెచ్చనిచోట మూతవేసి యుంచి, ప్రతిదినమును కొంత తీసివేసి క్రొత్త పిండియు నీరును చేర్చుచుండగా, మొదటి రెండుమూడు దినములు పలువిధముల సూక్ష్మజీవులు పెనుగులాడి దుర్వాసన కల్పించును. ఆమ్లము హెచ్చినకొలది వానిలో పెక్కులు నశించి, వారమునాటికి దుగ్ధామ్లమును పుట్టించు బాక్టీరియాలును, ఆమ్లమును సహింపగల కొన్ని ఈస్టులును మాత్రము స్థిరపడును. వీనిలో ఒక బాక్టీరియము 1971లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పుల్లరొట్టెలనుండి వర్ణింపబడి ఆ నగరము పేరనే వ్యవహరింపబడుచున్నది. జర్మను రై పులిపిండులలోను అది ముఖ్యనివాసియే. పిండిపదార్థము ఛేదింపబడగా పుట్టు మాల్టోజ్ అను చక్కెర దాని ఆహారము. దానితో సహవాసము చేయు ఈస్టునకు మాల్టోజును ఉపయోగించుకొను శక్తియే లేదు. బాక్టీరియము మాల్టోజును ఛేదించి, అందులోని గ్లూకోజులో కొంత వెలుపలికి విడువగా, ఈస్టు దానిని గ్రహించి వాయువును పుట్టించును. ఒకే పాత్రలో నుండియు ఒకదాని అన్నమును వేరొకటి అపహరింపక, ఒకటి పుల్లనచేయుచు రెండవది పొంగించుచు ఈ రెండు జీవజాతులును, పిండి వేయు చేయి ఆగనంతవరకు, ఏండ్లతరబడి కలిసి బ్రదుకును.

అయినను రెండింటి ఉష్ణోగ్రతాభిరుచులు ఒకటి కావు. బాక్టీరియము 32 డిగ్రీల ప్రాంతమున మిక్కిలి వేగముగా పెరుగును. ఈస్టునకు 27 డిగ్రీలు అనుకూలము, 36 దాటినచో దాని పెరుగుదల నిలిచిపోవును. మన గుంటూరులోగాని రామగుండములోగాని వైశాఖ జ్యేష్ఠములందు వంటయింట పెట్టిన రై పులిపిండి ముక్కుపుటములదరునంత పుల్లబడియు ఒక్క అంగుళమైనను పొంగకుండుటకు కారణమిదియే: ఆ వేడిమికి బాక్టీరియము బ్రదికి పనిచేయుచుండగా ఈస్టు చతికిలబడినది. ఆ నెలలలో పాత్రను చల్లనినీటి తొట్టిలో నిలిపి, రాత్రివేళ పులియబెట్టుట మేలు. పులుపుయొక్క స్వభావమును సైతము వేడిమియే నిర్ణయించును. వెచ్చగను పలుచగను ఉన్న పిండిలో మృదువైన దుగ్ధామ్లము ఎక్కువగును; చల్లగను గట్టిగను ఉన్న పిండిలో వెనిగరునకు ఘాటునిచ్చు ఎసిటిక్ ఆమ్లముయొక్క పాలు హెచ్చును. జర్మను రొట్టెశాలలలోని ప్రాచీనమైన మూడంచెల పద్ధతి ఈ ధర్మమును వాడుకొనుటకే ఏర్పడినది: మొదట పలుచని పిండిలో ఈస్టును వృద్ధిచేసి, తరువాత గట్టిపిండిని దీర్ఘకాలము తక్కువ వేడిమిలో ఉంచి ఘాటును రాబట్టి, చివర వెచ్చని పలుచని పిండిలో మృదువైన పులుపును నింపుదురు. గృహస్థునకు ఇంత శ్రమ అవసరము లేదు. ఒక్క అంచెతోనే చక్కని రొట్టె చేయవచ్చును.

ఆ విధానమిది. రాత్రి 200 గ్రాముల రై పిండిని 200 గ్రాముల నీటితోను, రెండు చెంచాల పాత పులిపిండితోను కలిపి మూతవేసి యుంచవలెను. పండ్రెండు గంటలు మొదలు పదునారు గంటలకు అది పొంగి, నడుమ కొంచెము క్రుంగనారంభించును. పులుపుతోపాటు పండ్లవాసన వంటి పరిమళమొకటి వచ్చును. దానికి మరి 300 గ్రాముల రై పిండి, 200 గ్రాముల గోరువెచ్చని నీరు, 10 గ్రాముల ఉప్పు చేర్చి చెక్కగరిటెతో కలిపిన చాలును. గోధుమరొట్టెకు అలవాటుపడిన చేతులు దీనిని పిసుకవలెనని తహతహలాడును. పిసికినందున ప్రయోజనము లేదు, అల్లుకొనుటకు అందు గ్లుటెన్ జాలమే లేదు గదా. తడిచేతితో ముద్దను నునుపుచేసి, నూనె రాచిన డబ్బాలో పెట్టి, పైభాగమున సన్నని బీటలు కనబడువరకు, అనగా గంటనుండి గంటన్నర, పొంగనిచ్చి, 250 డిగ్రీలకు వేడెక్కిన ఓవెనులో పెట్టి, పావుగంట పిమ్మట వేడిమిని 200 డిగ్రీలకు తగ్గించి, ముప్పాతిక గంట కాల్పవలెను. మొదటి వేడిమి తీవ్రముగా నుండుట పైపెంకుకొరకే కాదు. ముద్ద లోపలిభాగము అమైలేజ్ విజృంభించు ఉష్ణోగ్రతలను వేగముగా దాటిపోవుటకును అది తోడ్పడును. రొట్టెగర్భమున 97 డిగ్రీలు చేరినచో కాలినట్లే. కాలిన రొట్టెను ఒక దినము గడచువరకు కోయరాదు. ఈ నియమమును పాటింపనివారు పచ్చిపిండి యని రొట్టెను నిందింతురు; కాని గంజిగా మారిన పిండిపదార్థము చల్లారి గట్టిపడుటకును, లోని తేమ పెంకువరకు సమముగా వ్యాపించుటకును ఆ వ్యవధి కావలెను. ఆ తరువాత అది వారమైనను ఎండిపోదు. పెంటొసానులు తాము త్రాగిన నీటిని సులభముగా విడువవు.

జర్మనీలో పిండిసంచులపై 405, 550, 1150 అను సంఖ్యలు అచ్చువేయబడి యుండును. నూరు గ్రాముల పిండిని పూర్తిగా దహించినపుడు ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులునో ఆ సంఖ్య తెలుపును. తవుడులో ఖనిజలవణములు అధికము గావున, సంఖ్య పెద్దదైనకొలది పిండి ముదురురంగుది. 405 మన మైదాను పోలిన గోధుమపిండి. రై రొట్టెకు సామాన్యముగా వాడునది 1150. మన నగరములలో దొరకు రై పిండి తరచుగా తవుడుతో కూడినదై మరింత నీటిని కోరును గనుక, పైన చెప్పిన కొలతకు ఒకటిరెండు చెంచాల నీరు అధికముగా పట్టవచ్చును. క్రొత్తగా ప్రారంభించువారు సగము రై పిండికి సగము గోధుమపిండి చేర్చుకొనుటలో దోషము లేదు. జర్మనులు నిత్యము తిను రొట్టెలలో ఎన్నియో అట్టి మిశ్రమములే.

అణచవలసిన ఎంజైమునే సేవకునిగా చేసికొనిన రొట్టె యొకటి వెస్ట్‌ఫాలియా ప్రాంతమున కలదు. పంపర్‌నికెల్ అను నా రొట్టెకు ముతకగా నూరిన రై రవ్వను, పూర్తి గింజలను నానబెట్టి, మూతగల పెట్టెలలో కూరి, ఆవిరి నిండిన ఓవెనులో నీరు మరుగు వేడిమికి కొంచెము మించిన వేడిలో కాల్తురు. కనీసము 16 గంటలు కాలనిదే ఆ పేరునకు అర్హత లేదని జర్మను ఆహారనియమావళి నిర్దేశించుచున్నది. 24 గంటలు కాల్చువారును కలరు. అంత నెమ్మదిగా వేడెక్కునపుడు అమైలేజునకు కావలసినంత అవకాశము లభించి, పిండిపదార్థములో కొంత తీయని చక్కెరలుగా మారును. ఆ చక్కెరలు మాంసకృత్తుల భాగములతో దీర్ఘకాలము కలిసి కాగగా, 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ వర్ణించిన చర్య జరిగి, రొట్టె పైపెంకు లేకయే ఆమూలాగ్రము కాఫీ రంగు దాల్చును. చక్కెరపాకముగాని రంగుగాని కలుపనక్కరలేని ఆ మాధుర్యము నా దృష్టిలో జర్మను రొట్టెకారుల ఓర్పునకు పరాకాష్ఠ.

ఇక క్యాబేజీ సంగతి. సన్నగా తరిగిన క్యాబేజీకి కిలోకు 20 మొదలు 25 గ్రాముల ఉప్పు చేర్చి చేతులతో గట్టిగా నలిపినచో, ఆకుకణములలోని నీరు ఉప్పువైపునకు ఆకర్షింపబడి వెలికివచ్చి, ముక్కలు తమ రసములోనే మునిగిపోవును. జాడీలో అణచి కూరి, పైన బరువుపెట్టి గాలి తగులకుండ చేసిన పిమ్మట మానవుడు చేయవలసిన పని లేదు. సావర్‌క్రౌట్ అను ఈ వంటకమును తయారుచేయు బాక్టీరియాలు ఆకులమీదనే ఉన్నవి. మొదట ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడీస్ అనునది విజృంభించి, దుగ్ధామ్లమును, కొంత ఎసిటిక్ ఆమ్లమును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. ఆ వాయువు జాడీలో మిగిలిన ప్రాణవాయువును తరిమివేయును. తాను పుట్టించిన ఆమ్లమును తానే సహింపజాలక అది క్షీణింపగా, మరింత ఆమ్లమును ఓర్చు లాక్టోబాసిల్లస్ జాతులు రంగమునకు వచ్చి పనిని పూర్తిచేయును. ఈ వరుసక్రమమును అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రమందలి జెనీవా పట్టణపు వ్యవసాయ పరిశోధనాకేంద్రమున కార్ల్ పెడర్సన్ అను శాస్త్రజ్ఞుడు ఎన్నో ఏండ్లు పరిశోధించెను. తెలుగువారికి ఇచ్చట విశేషమేమనగా, ఆ పెడర్సనే 1965లో సహచరులతో కూడి మన ఇడ్లీపిండిని పరిశోధించి, దానిని పులియజేయుటయే గాక పొంగించునదియు ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడీసే యని ప్రకటించెను. మినపపప్పును రుబ్బి రాత్రి మూతపెట్టి పడుకొను తల్లియు, క్యాబేజీ జాడీని నేలమాళిగలో దింపు జర్మను గృహిణియు, ఒకరినొకరు ఎరుగకయే ఒకే జీవజాతి సాయమును పొందుచున్నారు.

ఉష్ణోగ్రతకు ఇచ్చటను ప్రాధాన్యమున్నది. 18 డిగ్రీల ప్రాంతమున క్యాబేజీ మూడు వారములలో చక్కగా పులియును; ఏడెనిమిది డిగ్రీలలో ఆరు నెలలు పట్టవచ్చును; 32 డిగ్రీలలో ఎనిమిది, పది దినములలోనే ఆమ్లము పూర్తిగా చేరును. త్వరగా ముగిసినది మేలుకదా యని భ్రమపడరాదు. అంత వేడిమిలో మొదటి అంచె బాక్టీరియము నిలదొక్కుకొనకముందే దుగ్ధామ్లమును మాత్రము పుట్టించు జాతులు ఆక్రమించుకొనును గనుక, సువాసన కొరవడి, వట్టి పులుపు మిగులును. కావున హైదరాబాదులోగాని విశాఖపట్టణములోగాని దీనిని చేసికొనువారికి మార్గశిర పుష్యమాసములే తగినకాలము. జర్మనీలో స్టుట్‌గార్ట్ సమీపమున ఫిల్డర్ అను పీఠభూమిపై పండు మొనదేలిన క్యాబేజీని దీనికి శ్రేష్ఠముగా ఎంచుదురు. మన అంగళ్లలోని గుండ్రని క్యాబేజీయు, తాజాదై గట్టిగా ఉన్నచో, నిరాశపరచదు.

ఈ పుల్లని ఆకు విటమిన్ సి ని చలికాలమంతయు కాపాడును. ఆ విటమిన్ పేరైనను లోకమెరుగని 1768లో, ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ పసిఫిక్ యాత్రకు బయలుదేరుచు ఎండెవర్ ఓడలో దీనిని పెద్దమొత్తమున నింపించెను. సామాన్య నావికులు మొదట ముట్టరైరి. అంతట కుక్, అధికారుల భోజనపు బల్లపై ప్రతిదినము వడ్డింపించి, నావికులను మాత్రము తమ యిష్టానుసారము తినుడని విడువగా, పెద్దలు తినునది గొప్పదై యుండవలెనని తలచి, వారము గడువకముందే అందరును దానికొరకు ఎగబడిరి. వంటకమునకు వచ్చిన సరికి, దీనిని ఉల్లిపాయ, ఆపిల్ ముక్క, జునిపర్ కాయలు, కారవే గింజలు చేర్చి సన్నని మంటపై గంటసేపు ఉడికింతురు. పచ్చి క్యాబేజీ అంతసేపు ఉడికినచో ముద్దయై పోవును. ఇది కరకర చెడక నిలుచును. మొక్కల కణములను ఒండొంటికి అంటించు పెక్టిన్ ఆమ్లములో సులభముగా కరగదు. ఉడుకుచున్న బంగాళాదుంపల నీటిలో ఒక చెంచా వెనిగరు పోసినచో ముక్కలు విడివడకుండుటకును హేతువిదియే.

దక్షిణ జర్మనీకి పోయినచో, ఇంతవరకు చెప్పినదానికి ప్రతిపక్షమైన వస్తువొకటి ప్రతి రొట్టెశాల గవాక్షమునను వ్రేలాడుచు కనబడును. అది బ్రెట్సెల్, మైదాపిండి త్రాటిని ముడివేసి కాల్చిన, రాగిరంగున మెరయు రొట్టె. దాని రంగునకును రుచికిని ఆధారము క్షారము. 1839లో మ్యూనిక్ నగరపు కాఫీశాలలో ఒక పనివాడు పొరపాటున చక్కెరనీటికి బదులు పళ్లెములు కడుగు క్షారజలమును పూసినందువలన ఇది పుట్టినదని ఒక ఐతిహ్యము కలదు. స్వేబియావారు దీనిని అంగీకరింపక, తమ ఊరి రొట్టెకారుడే దీనిని అంతకు ఎన్నో తరములకు ముందు కనిపెట్టెనని చెప్పుకొందురు. నిజమెవరి పక్షమున నున్నను, శాస్త్రము స్పష్టము. నూటికి మూడు నాలుగు పాళ్ల కాస్టిక్ సోడా గల నీటిలో కొన్ని క్షణములు ముంచినపుడు, ముద్ద ఉపరితలమున పిండిపదార్థము అప్పటికప్పుడే గంజియై నునుపుపొరగా ఏర్పడును. మాంసకృత్తులు కొంత ఛిన్నమై చర్యకు సిద్ధమగును. క్షారస్థితిలో వాని అమైనో భాగములు చక్కెరలతో మరింత చురుకుగా కలియును గనుక, పంపర్‌నికెలునకు దినమంతయు పట్టిన మయ్యార్ చర్య దీనికి పావుగంటలో ముగియును. ఓవెనులో బొగ్గుపులుసు వాయువుతో కలిసి కాస్టిక్ సోడా నిరపాయకరమైన కార్బొనేటుగా మారిపోవును.

కాస్టిక్ సోడా చర్మమును, కన్నులను దహించునది. పిల్లలు తిరుగు వంటయింట దానిని పెట్టుకొనుట నాకు సమ్మతము కాదు. వంటసోడాను పళ్లెములో పరచి ఓవెనులో 150 డిగ్రీలవద్ద గంటసేపు కాల్చినచో, అందులోని నీరును వాయువును పోయి, బరువులో మూడవవంతునకు పైగా తగ్గి, సోడియం కార్బొనేటుగా మారును. లీటరు నీటికి 50 గ్రాములు కరగించిన ఆ ద్రావణము వంటసోడా నీటికంటె మిక్కిలి తీవ్రమైన క్షారము, కాస్టిక్ సోడాకంటె ఎంతో సాధువు. రంగు కొంచెము తక్కువగా వచ్చును. రుచి చాలవరకు సిద్ధించును. దీనిని సైతము చేతులకు తొడుగు వేసికొని, స్టీలు పాత్రలోగాని గాజుపాత్రలోగాని వాడవలెను. అల్యూమినియము పాత్ర తగదు, క్షారము ఆ లోహమును కరగించును. ముంచుటకు ముందు ముడివేసిన ముద్దలను మూతలేకుండ శీతలయంత్రములో గంటసేపు ఉంచినచో పైన పొరగట్టి, నీటిలో ఆకారము చెడదు.

ఆమ్లక్షారముల కలయికనే పొంగుదలకు వాడుకొను పిండివంటలలో న్యూరెంబర్గ్ నగరపు లేబ్‌కూఖెన్ ప్రసిద్ధమైనది. చుట్టునున్న అడవులలోని తేనెయు, వెనిస్ వర్తకులు ప్రాగ్దేశములనుండి తెప్పించిన మిరియాలు, అల్లము, లవంగములు, యాలకులును అచ్చట కూడుటచే అది పుట్టినది. తేనెపిండిని పూర్వము వారములు, నెలలు నిలువచేయువారు; ఆ కాలములో మెల్లగా పుట్టిన ఆమ్లముతో పొటాషు కలిసి వాయువును విడుచును. దానికి తోడుగా అమోనియం కార్బొనేటు జాతి లవణమును వాడుదురు. అది వేడికి పూర్తిగా వాయువులుగా విడిపోయి ఏమియు మిగుల్పదు గాని, పలుచని బిళ్లలకే పనికివచ్చును. మందమైన కేకులో అమోనియా వెలికిపోజాలక దుర్వాసనగా నిలిచిపోవును. ఇండ్లలో కేకులు సులభమగుటకు కారణము వేరొక పొడి. 1891లో బీలెఫెల్డ్ నగరమున ఔషధశాలను కొనిన ఆగస్ట్ ఓట్కర్ వంటసోడాను, పొడిరూపముననున్న ఆమ్లలవణమును తూచి కలిపి, సరిగా అరకిలో పిండికి చాలునంత ఒక్కొక్క పొట్లముగా కట్టి గృహిణులకు అమ్మెను. పొడిగా ఉన్నంతవరకు అవి ఒండొంటిని తాకియు చర్య జరుపవు. నీరు తగిలినపుడే ఆమ్లక్షారములు కలియును.

ఇక మూడవదియగు మాంసము సంగతి. రైన్ తీరపు సావర్‌బ్రాటెన్ అనునది నీరు, వెనిగరు, ద్రాక్షసారాయములలో ఉల్లి, బే ఆకులు, జునిపర్, లవంగములతో నాలుగైదు దినములు ఊరవేసి ఉడికించిన గొడ్డుమాంసము. ఆమ్లము మాంసపు నడిమిదాక చొచ్చుకొనిపోవునని పలువురు నమ్ముదురు; వాస్తవమునకు అది మిక్కిలి మందగతిని ప్రయాణించును, పెద్దకండలో దాని ప్రభావము ఉపరితలపు పొరలకే పరిమితము. అచ్చట మాత్రము దాని పని గణనీయమైనది. మాంసకృత్తులు నీటిని అతితక్కువగా పట్టు పి.హెచ్. ఐదు ప్రాంతమునకు క్రిందికి దించి, అవి మరల నీటిని పీల్చునట్లు చేయును. కండరములను కట్టియుంచు కొల్లాజెన్ నారలను ఉబ్బించి, వేడిలో అవి జెలటినుగా కరగుటను సులభము చేయును. కరగించుట మాత్రము వేడిమి పని. మరుగకుండ 85, 90 డిగ్రీలవద్ద మూడుగంటలు ఉంచినగాని ముదికండ లొంగదు. గొడ్డుమాంసము తినని ఇండ్లలో మేకతొడను ఇట్లే చేయవచ్చును. రెండు దినముల ఊరవేత దానికి చాలును. ఆ రసమును పొడిచేసిన లేబ్‌కూఖెన్ తోను, ఎండుద్రాక్షతోను చిక్కబరచుట రైన్ తీరవాసుల ఆచారము. తీపి పులుపును తటస్థముగా మార్చదు, నాలుకకు దాని పదును తగ్గినట్లు తోపింపజేయును.

దీని ప్రక్కన బంగాళాదుంప ఉండలు ఉండితీరవలెను. ప్రష్యారాజు రెండవ ఫ్రెడరిక్ 1756 మార్చి 24వ తేదీన బంగాళాదుంప సాగును ప్రోత్సహింపవలసినదిగా అధికారులకు ఆజ్ఞాపత్రము పంపెను. పోట్స్‌డామ్‌లో ఆయన సమాధిపై సందర్శకులు నేటికిని పూలతోపాటు దుంపలనుంచుచున్నారు. తురింగియా ప్రాంతపు పద్ధతిలో మూడింట రెండువంతులు పచ్చిదుంపను తురిమి పిండి, ఒకవంతు ఉడికిన దుంపను వేడిగా మెదిపి కలిపి, నడుమ నేతిలో వేచిన రొట్టెముక్కనుంచి ఉండలు చేయుదురు. తురిమిన దుంప గాలి తగిలిన నిమిషములలో నల్లబడును. తెగిన కణములనుండి వెలువడు ఎంజైమొకటి అందుకు కారణము. తురుము పడు నీటిలో ఒక చెంచా వెనిగరు కలిపినచో ఆ ఎంజైము అణగి తెల్లదనము నిలుచును. పిండిన నీటిని పారబోయక పావుగంట నిలిపి, అడుగున పేరుకొనిన తెల్లని పిండిని ఉండల ముద్దలో తిరిగి చేర్పవలెను, ఉండకు పట్టు దానివలననే కలుగును. ఉప్పునీరు మరగిన పిమ్మట మంట తగ్గించి, నీరు కదలికమాత్రముగా ఉన్నపుడు ఉండలను దింపవలెను. తెర్లుచున్న నీటిలో వేసినచో, పైపొర గంజికట్టి గట్టిపడుటకు ముందే విడివడి చెదరిపోవును. ఇరువది నిమిషములకు అవి పైకి తేలి ఉడుకును.